అడవి మీదుగా సముద్రానికి

ట్రంకు బోర్డు ముందు కూర్చునే ఆడవాళ్లకు ఊళ్లన్నీ గొంతులుగానే తెలుసు. ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి ఎవరైనా పై ఊరికి ఫోన్ చేయాలంటే ముందు మాకు చెప్పి బుక్ చేసుకోవాలి. మేము టికెట్ రాసుకుని, అవతలి ఊరి ఆపరేటర్‌ను పిలిచి, లైను దొరికినప్పుడు ఇద్దరినీ కలపాలి. ఒంగోలులో ఉన్నాయనకు ఏడాది పొడుగునా దగ్గు. కర్నూలు ఆమె ప్రతి మాటకూ ముందు నిట్టూర్చేది. గుంటూరులో ఒకాయన ఎప్పుడూ ఏదో నములుతూ మాట్లాడేవాడు. వాళ్ల ముఖాలు నేను చూడలేదు, వాళ్లు నాది చూడలేదు.

ఆ పనిలో చేరినప్పుడు నాకు పెళ్లి కాలేదు. నేను చెప్పబోయే సంగతులు మొదలయ్యేనాటికి ముప్పయి దాటాయి, బడికి పోయే కూతురుంది. హెడ్‌సెట్ ఒత్తిడికి ఎడమ చెవి పైన జుట్టు పలచబడింది. లాల్‌దర్వాజాలో రెండు గదుల అద్దె ఇల్లు. తెల్లవారకముందే గల్లీ నల్లా దగ్గర బిందెలు పెట్టాలి. నీళ్లు పట్టి, వంట చేసి, కూతురికి జడ వేసి, బస్సు పట్టుకుని డ్యూటీకి పోయేసరికే నాకు పగలు సగం అయిపోయినట్టుండేది. మా ఆయన బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంట్లో అత్తమ్మ కూడా ఉండేది. నలుగురం కలిసి ఏనాడూ ఎక్కడికీ పోలేదు. పెళ్లిళ్లకు, చావులకు తప్ప.

బందరు ఆపరేటర్ కొత్తగా చేరిన పిల్ల. గొంతులో ఇంకా బడి పిల్ల హుషారు ఉండేది. నన్ను మొదటి వారంలోనే అక్కా అనేసింది. మధ్యాహ్నం బోర్డు మీద దీపాలు వెలగని సమయంలో, సూపర్‌వైజర్ మేడమ్ టీకి లేచినప్పుడు, లైను పరీక్షించే నెపంతో ఒకటి రెండు మాటలు మాట్లాడుకునేవాళ్లం. సొంత మాటలు మాట్లాడకూడదని రూలు. అందరూ మాట్లాడేవాళ్లే.

ఒకరోజు ఆమె, నిన్న సముద్రానికి వెళ్లొచ్చానని చెప్పింది.

"ఎట్లుంటది సముద్రం?" అన్నాను.

"అదేంటక్కా, మీరు చూడలేదా?"

"లేదు."

"అయ్యో! అంత పెద్ద హైదరాబాదులో ఉండి, మరి ఏం చూస్తారక్కా మీరు?"

"మూసీ చూస్తం," అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ, ఆ సాయంత్రం ఇంటికి పోతూ బస్సులో నిలబడి అదే ఆలోచించాను. రోజూ నేను కాకినాడను పిలుస్తాను, భీమిలిని పిలుస్తాను, బందరును పిలుస్తాను. వాటి పక్కనే అంత నీళ్లున్నాయని ఎప్పుడూ తోచలేదు.

ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను. ఆయన చేతుల గ్రీసు వదిలించుకుంటూ విన్నాడు. "సముద్రం సరే. దానికన్న ముందు అడవికి పోదాం," అన్నాడు.

ఆయన పుట్టింది నల్లమల అంచున, అమ్రాబాద్ వైపు. వాళ్ల నాయిన అడవిలో సర్కారు వెదురు నరికించే కూపు దగ్గర కావలి ఉండేవాడట. ఆ నాయిన చనిపోయాక అత్తమ్మ ఏడెనిమిదేళ్ల పిల్లగాణ్ని వెంటబెట్టుకుని పట్నం వచ్చింది. మా ఆయనకు అడవంటే ఎండాకాలం మోదుగుపూలు, రాత్రి వినపడే దుప్పి అరుపులు. అత్తమ్మకు మాత్రం వేరే జ్ఞాపకాలు.

"అడవిల ఏమున్నది? జరమున్నది," అన్నదామె గోడకు ఆనుకుని. "పులిని చూడనీకి పోతరా? పులే మిమ్మల్ని చూస్తది."

అట్లా మొదలైంది మా ప్రయాణం. మొదలైంది అంటే, మాటల్లో. కార్వాన్‌లో పప్పుల టోకు వ్యాపారం చేసే సేటు ఒకాయన, మిలిటరీ వాళ్లు తీసేసిన జీపును ఎప్పుడో వేలంలో కొని గోదాములో పడేశాడు. కందిపప్పు బస్తాల వెనక అది టైర్లు లేకుండా కూర్చుని ఉంది. దాన్ని బాగుచేసి నడిచేటట్టు చేస్తే, ఒక్కసారి పదిహేను రోజులు మా ఇంటిల్లిపాదినీ తిప్పుకోవచ్చని సేటు మాటిచ్చాడు. అప్పటి నుంచి మా ఆయన ఆదివారాలన్నీ కార్వాన్‌లోనే. పప్పు దుమ్ము, గ్రీసు కలిసిన వాసనతో చీకటి పడ్డాక వచ్చేవాడు. "ఇంక కొంచమే ఉన్నది," అనేవాడు. ఆ కొంచెం ఏడాది దాటింది.

దారి వేయడం నా పని. కోఠిలో కొన్న మ్యాపును నేల మీద పరిచి, నాలుగు మూలలా గిన్నెలు పెట్టేవాళ్లం. మ్యాపులో ఊళ్లు చుక్కలు, అడవి ఆకుపచ్చ మరక, సముద్రం నీలం. రోడ్డు ఎట్లుందో, వానకు ఎక్కడ తెగుతుందో, రాత్రికి ఎక్కడ దిగాలో అది చెప్పదు. అవన్నీ నాకు గొంతులు చెప్పాయి. మన్ననూరు దాటాక ఘాట్ రోడ్డు మీద సాయంత్రం కాకముందే దిగిపోవాలని ఒకరు చెప్పారు. దోర్నాల నుంచి మార్కాపురం వైపు మంచినీళ్లు వెంట పెట్టుకోవాలని ఒంగోలు దగ్గు ఆయన చెప్పాడు. ఒంగోలు మీద చీరాల, బాపట్ల. అక్కడి నుంచి రేపల్లె పోయి కృష్ణ దాటితే దివిసీమ, అది దాటితే బందరు. జీపును పడవ మీద ఎక్కించవచ్చా అని రేపల్లెలో అడిగించాను. "మనుషులకైతే పడవలున్నాయమ్మా, జీపుకి మాత్రం నేను పూచీ ఉండను. బెజవాడ చుట్టు తిరిగి రండి," అన్నాడు అక్కడాయన. బందరు చూసుకుని కొల్లేరు. అక్కడ చలికాలంలో ఎక్కడెక్కడి పక్షులో దిగుతాయని ఏలూరు ఆమె చెప్పింది. కొల్లేరు నుంచి బెజవాడ మీదుగా ఇల్లు.

ఈ మాటల్లో ఒకసారి మేడమ్‌కు దొరికిపోయాను. "ఇది ఎక్స్ఛేంజా, బస్ స్టాండ్ ఎంక్వైరీనా?" అన్నది అందరి ముందు. తల వంచుకున్నాను. మరునాడు ఆమే నా వెనక నిలబడి, మెల్లగా, "కొల్లేరులో పక్షులు ఏ నెలలో వస్తాయన్నావు?" అని అడిగింది.

వేసవిలో పోదామనుకున్నాం. ఎండకు అడవిలో ఆకు కూడా ఉండదన్నాడు మా ఆయన. దసరాకు అనుకున్నాం. కూతురికి అమ్మవారు పోసింది. ఆ తర్వాతి వేసవికి జీపు గేర్‌బాక్సు మొరాయించింది. అది బాగయ్యేసరికి నాకు సెలవు ఇవ్వలేదు. ప్రతిసారీ మ్యాపు తీయడం, పరచడం, మళ్లీ మడవడం. మడతల దగ్గర కాగితం చిరిగి గుంటూరు జిల్లా రెండు ముక్కలైంది. కొన్నాళ్లకు నాకు ప్రయాణం కన్నా ఆ మాటలే బరువనిపించాయి. డ్యూటీ దిగి వచ్చి, అంట్లు తోమి, నడుం వాల్చగానే ఆయన మొదలుపెట్టేవాడు.

"మన్ననూరుల ఒక దినం ఆగుదామా, రెండు దినాలా?"

"నీ ఇష్టం."

"గట్లంటే ఎట్ల? నువ్వు జెప్పు."

"నాకు నిద్రొస్తున్నది. నువ్వెన్ని దినాలు ఆగినా నేనాడ పండుకునుడే."

నిజంగానే అప్పటికి నా మనసులో అడవి అంటే చెట్ల కింద నిద్ర, సముద్రం అంటే ఎవరూ పిలవని చోటు. బందరు పిల్ల మాత్రం అలసిపోలేదు. "డిసెంబర్లో రండక్కా. వానలు పోతాయి, కోతలు అయిపోతాయి. బందర్లో ఉండొద్దు, దివిసీమలో మా ఊరు రండి. ఇల్లు సముద్రానికి దగ్గర. నాన్న ఒక్కరే ఉంటారు, మనుషులొస్తే ఆయనకి పండగ. పీతల కూర వండిస్తాను, తింటారా?" అనేది. తను తమ్ముణ్ని చదివిస్తూ బందరులో గది తీసుకుని ఉండేది.

"మేమెప్పుడు తినలే పీతలు," అన్నాను.

"అయితే తినడం కూడా నేనే నేర్పిస్తా."

ఆ ఏడు అన్నీ కుదిరాయి. జీపు నడిచింది. లాల్‌దర్వాజా గల్లీలోకి అది పట్టదు, అందుకని మా ఆయన పెద్ద రోడ్డు మీద ఆపి హారన్ కొట్టాడు. గల్లీలో పిల్లలంతా ఎక్కి కూర్చున్నారు. డిసెంబరుకు సెలవు కూడా దొరికింది. అత్తమ్మ రానంటూనే దారికి తిండి ఆలోచించసాగింది. చింతకాయ తొక్కు నూరి జాడీకెత్తింది. "సముద్రం దగ్గర అన్నీ ఉప్పగనే ఉంటయేమో," అని అందులో ఉప్పు తగ్గించింది.

నవంబరులో తుఫాను వచ్చింది.

ఆ రోజు నాకు పగటి డ్యూటీ. పొద్దున నుంచీ బందరు లైనులో గరగర. ఆమె గాలి గురించి చెప్పింది, కిటికీ తలుపులు ఆగడం లేదని చెప్పింది. అక్కడి వాళ్లకు నవంబరు గాలి కొత్త కాదు, ఆమె గొంతులో భయమేమీ లేదు. చివరిసారి మేము మాట్లాడుకున్నది ఒక బియ్యం వ్యాపారి అర్జెంట్ కాల్ గురించి. ఆ నంబరు ఎత్తడం లేదని, కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తానని అన్నది. కాసేపటికి నేను ప్లగ్గు పెడితే అవతల ఏమీ లేదు. గరగర కూడా లేదు.

మరునాడు, ఆ మరునాడు, కోస్తా వైపు లైన్లు చాలావరకు అట్లాగే ఉన్నాయి. పేపర్లో రాసినవి చదివి జనం ఎక్స్ఛేంజికి ఫోన్లు మొదలుపెట్టారు. బోర్డంతా ఎర్ర దీపాలు. ప్రతి దీపం వెనకా ఒకరు ఏడుస్తూనో, అరుస్తూనో, బతిమాలుతూనో. నేను చెప్పాల్సింది ఒకటే మాట. లైను లేదు. అదే మాట పొద్దున కూర్చుని సాయంత్రం దాకా చెబితే, ఇంటికొచ్చాక అన్నం పెట్టమని కూతురు అడిగినా అదే మాట నోటికొచ్చింది.

పురానాపూల్ దగ్గర నుంచి ఒక పెద్దాయన రోజూ చేసేవాడు. బిడ్డను బందరులో ధాన్యం మిల్లు వాళ్లకిచ్చాడు.

"అమ్మా, మల్ల నేనే," అనేవాడు.

"ఇంక లైను రాలే బాపూ."

"రాంగనే చెప్తవు కద?"

"చెప్త."

"నీకు కోపం రాకపాయె, అందుకే నీ గొంతు పట్టుకుంటున్న బిడ్డా," అన్నాడొకసారి. నాకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదని ఆయనకు చెప్పలేదు.

ఆ వారమే కార్వాన్ దుకాణాల వాళ్లంతా కలిసి బియ్యం, పప్పు, బట్టలు పోగుచేశారు. ఒక లారీ నిండింది. ముందు పోయి దారి చూడటానికి బండి కావాలి. సేటు మా ఆయన్ను పిలిపించాడు. జీపు తయారుగా ఉంది, దాని గుణం తెలిసినవాడు ఈయనొక్కడే. ఇంటికొచ్చి రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకున్నాడు. నేను కూడా వస్తానని అనబోయాను, కానీ లైన్లు వచ్చేదాకా మాలో ఎవరికీ సెలవు లేదు. అత్తమ్మ ఆ చింతకాయ తొక్కు జాడీ మూతికి గుడ్డ కట్టి జీపులో పెట్టింది.

మా ఆయన బయల్దేరిన రెండో రోజో మూడో రోజో బందరు లైను వచ్చింది. ఎవరిదో మగ గొంతు, గొంతు పోయి బొంగురుగా ఉంది. ముందు పెద్దాయన కాల్ పెట్టాను. మిల్లులో ఫోన్ ఎత్తింది ఆయన బిడ్డే. తండ్రీ బిడ్డా ఒకరి ఏడుపు ఒకరు విన్నారు. మూడు నిమిషాలయ్యాయి అని మధ్యలో చెప్పడం మా రూలు. నేను చెప్పలేదు. పక్కన నిలబడి ఉన్న మేడమ్ గోడ గడియారం వైపు చూసి, అక్కణ్నుంచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆ మగ గొంతును అడిగాను, మీ దగ్గర ఒక అమ్మాయి ఉండాలి కదా అని.

"ఉందండి. ఆ వేళ ఎక్స్ఛేంజిలోనే చిక్కుకుపోయింది. తమ్ముడూ బానే ఉన్నాడు. వాళ్ల నాన్నే..." అని ఆగాడు. "ఆ ఊరే లేదండి."

ఆమె గొంతు వినడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది. డ్యూటీకి వచ్చి, మొదట నంబర్లే ఇచ్చింది. నేనూ నంబర్లే ఇచ్చాను. చివరికి తనే అన్నది.

"అక్కా, మీ ఆయన వచ్చారు ఇక్కడికి. నన్ను వెతుక్కుని వచ్చారు."

"ఏమన్నడు?"

"ఏమీ అనలేదు. బయట నిలబడ్డారు. పచ్చడి ఇచ్చారు." మధ్యలో ఎవరిదో నంబరు ఇచ్చింది. తర్వాత, "డిసెంబర్లో రావద్దక్కా. చూడ్డానికేం లేదు," అన్నది.

"మేం రాము చెల్లే," అన్నాను. ఇన్నేళ్లు మాట్లాడటమే ఉద్యోగంగా బతికినదాన్ని, ఆ ఒక్క మాటే అని ప్లగ్గు తీశాను.

మా ఆయన తిరిగొచ్చాక రెండు రోజులు సరిగ్గా తినలేదు. మూడో రోజు సాయంత్రం గడప మీద కూర్చుని ఉంటే, నేను పక్కన కూర్చుని అడిగాను.

"సముద్రం చూసినవా?"

"చూసిన."

"ఎట్లున్నది?"

"నిమ్మళంగ ఉన్నది. ఏం తెల్వనట్టు." కాళ్ల వైపు చూసుకున్నాడు. "పీనుగుల్ని తీసిన. పసులను తీసిన. నడుమ నడుమ దాని దిక్కు చూసిన. గట్లనే ఉన్నది."

ఇంకా ఏదో అడగబోతే చెయ్యి ఎత్తాడు. నేనూ ఆపేశాను. ఆ తర్వాత ఆ సంగతి ఆయనెప్పుడూ ఎత్తలేదు. జీపును శుభ్రంగా కడిగి సేటుకు అప్పజెప్పాడు. పదిహేను రోజుల మాట నిలబెట్టుకుంటానని, ఎప్పుడైనా తీసుకుపొమ్మని సేటు అన్నాడు. మా ఆయన తల ఊపాడు గానీ మళ్లీ కార్వాన్ పోలేదు. కొన్నాళ్లకు సేటు ఆ జీపును ఎవరికో అమ్మేశాడని తెలిసింది.

ఆ డిసెంబరులో నాకు రాసిచ్చిన సెలవు ఉంది కదా, దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. అందరం బస్సెక్కి మన్ననూరు పోయాం. అత్తమ్మ కూడా వచ్చింది. దూరపు చుట్టాల ఇంట్లో దిగాం. మా ఆయన కూతుర్ని తీసుకుని పొద్దున్నే అడవిలోకి పోయేవాడు. ఒకరోజు లోయ కనిపించే చోటికి నన్నూ తీసుకుపోయారు. మంచు విడిపోతుంటే కొండలు ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. దూరంగా ఏవో జంతువులు గడ్డి మేస్తున్నాయి, దుప్పులని ఆయనన్నాడు. నాకు కనిపించలేదు. నేను ఒక బండకు ఆనుకుని కూర్చున్నాను, అట్లాగే నిద్రపోయాను. లేచేసరికి ఎండ ఎక్కింది, నా మీద ఆయన తువ్వాల కప్పి ఉంది. కూతురు నవ్వుతున్నది. అడవిలో నేను చేసింది అదే. పోయిన ప్రతిరోజూ నిద్రపోయాను. అత్తమ్మ మాత్రం ఒక పొద్దు ఎవరికీ చెప్పకుండా ఊరి బయటకు నడిచిపోయి, ఒకప్పటి కూపు ఉన్న చోటు వెతుక్కుని, కనబడక తిరిగొచ్చింది. "అంత మారిపాయె," అన్నది.

బందరు పిల్లతో మాటలు తగ్గినా తెగిపోలేదు. తమ్ముడికి ఉద్యోగం వచ్చిందని చెప్పింది, తనకు పెళ్లి కుదిరిందని చెప్పింది. ఎనభైలలో నేరుగా డయల్ చేసుకునే సౌకర్యం ఊరూరికీ వస్తుంటే మా బోర్డులు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. నన్ను బిల్లుల సెక్షన్‌లో వేశారు. ఆ సమయంలోనే ఆమె ఉత్తరం రాసింది, పాపకు అన్నప్రాశన, ఈసారి రాకపోతే ఊరుకోనని.

బస్సులోనే పోయాం, నేను, మా ఆయన, ఇంటర్ చదివే కూతురు. అత్తమ్మ అప్పటికి లేదు. బందరు బస్టాండులో ఎవరినెవరం ఎట్లా పోల్చుకుంటామో అని నేను భయపడ్డాను. ఒక సన్నటి మనిషి చంకలో పాపతో వచ్చి, "దిగారా అక్కా?" అన్నది. ఆ గొంతు వినగానే నాకు కళ్లు మూసుకోవాలనిపించింది. కళ్లు తెరిచి చూస్తే ఎవరో కొత్త మనిషి, మూస్తే తను.

మరునాడు మధ్యాహ్నం సముద్రానికి పోదామన్నది. మా ఆయన రానన్నాడు. "నేను చూసిన గద. మీరు పోయి రాండ్రి," అని పాపను ఒళ్లో వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

మంగినపూడి దగ్గర ఇసుకలో నల్లమట్టి కలిసి ఉంది. నీళ్లు కూడా మట్టిరంగే. మ్యాపులో ఉన్న నీలం కాదు. కూతురు చెప్పులు విడిచి పరుగెత్తింది. నేను నడిచి నడిచి ఒకచోట కూలబడ్డాను. ఆమె నా ఎదురుగా కూర్చున్నది, సముద్రానికి వీపు పెట్టి.

"అటు తిరగరాదా?" అన్నాను.

"నేను ఇలాగే కూర్చుంటానక్కా. వచ్చినప్పుడల్లా ఇంతే. మీరు చూడండి, నేను మిమ్మల్ని చూస్తాను."

"మరి నన్నెందుకు తోలుకొచ్చినవు?"

"మీకు చూపిస్తానన్నాను కదా."

చాలాసేపు అట్లాగే కూర్చున్నాం. నేను ఆమె భుజం మీదుగా అలలను చూశాను. అవి వస్తున్నాయి, పోతున్నాయి. గాలికి ఆమె జుట్టు ముఖం మీద పడుతుంటే వెనక్కి నెట్టుకుంటూ, పాప గురించి, అత్తగారి గురించి, ఎక్స్ఛేంజి మూసేస్తే తమను ఎక్కడికి పంపుతారో అన్న దిగులు గురించి చెప్పింది. తండ్రి గురించి ఒక్క మాటే అన్నది, ఆయన కాల్చే రకం చుట్ట ఇప్పుడు దొరకడం లేదని.

"మీరు అనుకున్నట్టే ఉందా అక్కా?" అని చివరికి అడిగింది.

"అనుకునుడు బంద్ చేసి మస్తు రోజులైంది చెల్లే," అన్నాను.

ఆమె నవ్వింది. కూతురు తడిసిన పావడా పిండుకుంటూ, ఆకలేస్తున్నదని వచ్చింది. ముగ్గురం లేచి, బట్టల మీది ఇసుక దులుపుకుని, బస్సు వెళ్లిపోకముందే అందుకోవాలని గబగబా నడిచాం.